సీమంకీలో మెయిల్ పెట్టుకుని, నిండిపోయిన జీమెయిల్‌ని ఖాళీ చేయడం ఎలా

"మీ స్టోరేజ్ నిండిపోయింది, ఇక మెయిళ్లు రావు" అని గూగుల్ హెచ్చరించడం మొదలుపెడితే చాలామందికి రెండే దారులు తోస్తాయి. నెలనెలా డబ్బు కట్టడం, లేదంటే ఓ ఆదివారం కూర్చుని పాత మెయిళ్లు ఒక్కొక్కటీ తీసేయడం. మూడో దారి కూడా ఉంది. పాత మెయిళ్లను మన కంప్యూటర్లోకి దింపేసుకుని, అవి భద్రంగా చేరాయని చూసుకున్నాక అక్కడ తీసేయడం. పైసా ఖర్చు లేదు, ఒక్క మెయిలూ పోదు. దీనికి నేను సూచించేది సీమంకీ. బ్రౌజర్, మెయిల్, అడ్రస్ బుక్ అన్నీ ఒకే ప్రోగ్రాంలో ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, అంటే దీని కోడ్ ఎవరైనా చూసుకునేలా తెరిచి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ పంచుకుంటాయి. గూగుల్ అకౌంట్‌లోని స్టోరేజ్ పేజీ తెరిస్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది. అందులో 12 జీబీ ఫొటోలే ఉంటే మెయిల్ ఖాళీ చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, ముందు ఆ ఫొటోల సంగతి చూడండి. జీమెయిల్ వాటా పెద్దదిగా ఉంటే మాత్రం కింద చెప్పినట్టు చేయండి.

సీమంకీ ఏమిటి, దేనికి వాడాలి, దేనికి వాడకూడదు

ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్న తరానికి నెట్‌స్కేప్ గుర్తుండే ఉంటుంది. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌లో బ్రౌజర్‌తో పాటు మెయిల్, వెబ్ పేజీలు తయారుచేసే ఎడిటర్ కూడా ఉండేవి. 1998 మార్చి 31న ఆ కంపెనీ తన సోర్స్ కోడ్‌ని బయటపెట్టింది. దాని మీదే మోజిల్లా సూట్ పుట్టింది, 2002 జూన్‌లో 1.0 విడుదలైంది. 2005లో మోజిల్లా ఫౌండేషన్ తన శక్తినంతా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాంల మీదే పెడతానని, సూట్‌ని ఇక ముందుకు తీసుకెళ్లనని చెప్పేసింది. అప్పుడు కొందరు వలంటీర్లు దాన్ని చేతికెత్తుకుని సీమంకీ అని పేరు పెట్టి, 2006 జనవరిలో 1.0 వదిలారు. ఇప్పటికీ వాళ్లే నడుపుతున్నారు.

మెయిల్ కలిసి ఉన్న బ్రౌజర్లు ఇంకేమీ లేవా అంటే, వివాల్డీ ఉంది. 2022లో దాని మెయిల్ పూర్తి స్థాయిలో వచ్చింది, చూడ్డానికి బాగుంటుంది. కానీ దాని పైభాగం, అంటే మనకు కనిపించే ఇంటర్‌ఫేస్, ఓపెన్ సోర్స్ కాదు. పాత ఒపేరా 12లో మంచి మెయిల్ ఉండేది, అదీ ఓపెన్ సోర్స్ కాదు, పైగా ఇప్పుడు వాడదగ్గది కాదు. ఓపెన్ సోర్స్ అయి, రెండూ ఒకే చోట ఉండి, ఇంకా విడుదలలు వస్తున్నది కావాలంటే మిగిలేది సీమంకీయే.

అయితే ఇందులో ఒక పెద్ద లోటుంది, దాచిపెట్టి ప్రయోజనం లేదు. ఇప్పటి సీమంకీ 2.53 వరుస విడుదలలు 2017 నాటి ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ మీద కట్టినవి. తర్వాత వచ్చిన భద్రతా సవరణలను వలంటీర్లు ఏరి తెచ్చి ఇందులో అతికిస్తుంటారు. వాళ్లు చేస్తున్నది చిన్న పని కాదు. కానీ ఉన్నది కొద్దిమందే, వెబ్ మాత్రం పరిగెడుతోంది. కొత్త సైట్లు కొన్ని ఇందులో సగం తెరుచుకుంటాయి, కొన్ని అసలు తెరుచుకోవు. అందుకని నా లెక్క ఇలా ఉంటుంది: సీమంకీ అంటే మంచి మెయిల్ ప్రోగ్రాం, పక్కన ఒక బ్రౌజర్ కూడా ఉంది. మెయిళ్లు, ఫీడ్లు (సైట్లలో కొత్తగా వచ్చినవాటిని మన దగ్గరికే తెచ్చేవి), వికీపీడియా, బ్లాగులు, వార్తలు దీనిలో చూసుకోండి. బ్యాంకు, టికెట్ బుకింగ్, ఆధార్ పనులు, డబ్బు కట్టే పని ఏదైనా సరే, తాజా ఫైర్‌ఫాక్స్‌లోనో మీరు రోజూ వాడే మరో బ్రౌజర్‌లోనో చేయండి. ఈ ఒక్క గీత గీసుకుంటే సీమంకీతో టెన్షన్ ఉండదు.

ఇన్‌స్టాల్ చేయడం

సీమంకీ ప్రాజెక్ట్ సొంత సైట్ నుంచే దింపుకోండి. వెతికితే కనిపించే "ఫ్రీ డౌన్‌లోడ్" సైట్ల జోలికి పోవద్దు, వాటిలో పక్కన ఇంకేదో అంటించి ఇస్తారు. విండోస్‌కి 32 బిట్, 64 బిట్ రెండూ ఉంటాయి. విండోస్ 7 ఉన్న పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో చాలామందికి అదే కారణం. లినక్స్ వాళ్లకు కంప్రెస్ చేసిన ఫైల్ ఒకటి వస్తుంది, విప్పి లోపలి సీమంకీ అన్న ఫైల్‌ని నడిపితే చాలు.

మొదటిసారి తెరిచినప్పుడు దీన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోమంటారా అని అడుగుతుంది. మెయిల్‌కి ఔనని చెప్పండి, బ్రౌజర్‌కి వద్దనండి. కారణం పైన చెప్పిందే.

ఒక సెట్టింగ్ ఇప్పుడే మార్చేయండి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఎడమవైపు అప్పియరెన్స్ నొక్కితే సీమంకీ మొదలవగానే ఏ విండో తెరవాలో అడిగే చోటు కనిపిస్తుంది. అక్కడ బ్రౌజర్ దగ్గర టిక్ తీసి, మెయిల్ అండ్ న్యూస్‌గ్రూప్స్ దగ్గర పెట్టండి. ఇక తెరవగానే మెయిలే వస్తుంది. బ్రౌజర్ కావాలంటే కంట్రోల్ పట్టుకుని 1 నొక్కండి, మళ్లీ మెయిల్‌కి కంట్రోల్ 2, అడ్రస్ బుక్‌కి కంట్రోల్ 5. విండో అడుగున ఎడమ మూల చిన్న చిన్న బొమ్మలుంటాయి, అవీ అదే పని చేస్తాయి.

ఒక విషయం చెప్పాలి: సీమంకీ తనంతట తాను అప్‌డేట్ అవుతుందని కూర్చోకండి. రెండు మూడు నెలలకోసారి సైట్‌కి వెళ్లి కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసి, పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. మెయిళ్లు వేరే ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు.

జీమెయిల్‌ని కలపడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మీ మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే గూగుల్ ఒప్పుకోదు. పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ కొట్టి చూస్తారు, చివరికి విసుగొచ్చి మూసేస్తారు. వ్యక్తిగత అకౌంట్లకు బయటి ప్రోగ్రాంల నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడాన్ని గూగుల్ 2022 మే చివర్లో ఆపేసింది. దాని బదులు యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి తీసుకోవాలి.

ముందు తాజా బ్రౌజర్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీ పేజీలో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అది లేకుండా యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరు. తర్వాత అకౌంట్ పేజీ పైన ఉండే వెతుకు పెట్టెలో యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టండి. ఏదో ఒక పేరు, సీమంకీ అనే పెట్టండి, సృష్టించమనండి. నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపిస్తుంది. మధ్య ఖాళీలను పట్టించుకోనక్కర్లేదు. ఆ పెట్టె మూసేస్తే మళ్లీ కనిపించదు కాబట్టి సీమంకీలో పెట్టేదాకా దాన్ని మూయకండి. ఇంకో సంగతి, గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా యాప్ పాస్‌వర్డ్‌లు రద్దయిపోతాయి. ఎప్పుడైనా సీమంకీ ఉన్నట్టుండి లాగిన్ కాలేదంటే మొదట గుర్తుచేసుకోవాల్సింది అదే.

ఆఫీసు, కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్ అయితే అక్కడి అడ్మిన్ దీన్ని మూసి ఉండొచ్చు, వాళ్లనే అడగాలి. ఔట్‌లుక్, హాట్‌మెయిల్ అకౌంట్లకు 2024 సెప్టెంబర్ నుంచి పాస్‌వర్డ్ పద్ధతే లేదు, కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికి వర్తించదు. యాహూకి జీమెయిల్ లాగే యాప్ పాస్‌వర్డ్ ఉంది.

ఇప్పుడు సీమంకీలో కంట్రోల్ 2 నొక్కండి. అకౌంట్ పెట్టుకునే విజార్డ్ దానంతటదే వస్తుంది. రాకపోతే ఎడిట్ మెనూలో మెయిల్ అండ్ న్యూస్‌గ్రూప్స్ అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి కొత్త అకౌంట్ కలపమనండి. ఈమెయిల్ అకౌంట్ ఎంచుకుని మీ పేరు, మెయిల్ అడ్రస్ ఇవ్వండి. పేరు తెలుగులో రాసుకున్నా ఇబ్బంది లేదు, అవతలివాళ్లకు తెలుగులోనే కనిపిస్తుంది.

తర్వాతి పేజీలో మెయిల్ తెచ్చుకునే పద్ధతులు పాప్, ఐమ్యాప్ అని రెండు ఉంటాయి. ఐమ్యాప్ ఎంచుకోండి. పాప్ అయితే జీమెయిల్‌లోని ఫోల్డర్లన్నీ చూపదు. వచ్చే మెయిల్ సర్వర్ పేరు "ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్" (imap.gmail.com), పోయే మెయిల్ సర్వర్ పేరు "ఎస్ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్" (smtp.gmail.com). రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. యూజర్ నేమ్ అడిగిన రెండు చోట్లా మీ మెయిల్ అడ్రస్ పూర్తిగా ఇవ్వండి, అట్ గుర్తు, దాని తర్వాతి భాగంతో సహా.

చివరి పేజీలో ఫినిష్ నొక్కగానే మెయిళ్లు వచ్చేస్తాయనుకోకండి. థండర్‌బర్డ్ లాగా ఇది సెట్టింగ్స్‌ని తనే కనిపెట్టి పెట్టదు, మనమే వెళ్లి దిద్దాలి. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, మీ అకౌంట్ కింద సర్వర్ సెట్టింగ్స్ నొక్కండి. కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ అన్నది ఎంచుకుంటే పోర్ట్ 993 అవుతుంది. కాకపోతే మీరే కొట్టండి. ఆథెంటికేషన్ మెథడ్ దగ్గర నార్మల్ పాస్‌వర్డ్. ఆ పేరు చూసి కంగారు పడకండి, సెక్యూరిటీ పైన పెట్టేశాం కాబట్టి పాస్‌వర్డ్ గుప్తంగానే వెళ్తుంది. తర్వాత అదే విండోలో ఎడమవైపు అట్టడుగున ఔట్‌గోయింగ్ సర్వర్ అని ఉంటుంది. దాన్ని ఎంచుకుని ఎడిట్ నొక్కి పోర్ట్ 465, ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, నార్మల్ పాస్‌వర్డ్ పెట్టండి.

ఇప్పుడు ఇన్‌బాక్స్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ 16 అక్షరాలు అక్కడ పెట్టి, గుర్తుంచుకోమని టిక్ పెట్టండి. మెయిల్ పంపబోతే ఇంకోసారి అడుగుతుంది, అదే ఇవ్వండి. మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని చూడండి. వెళ్లి వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే.

డేటా సంగతి ఇప్పుడే చూసుకోవాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ అన్న పేజీలో, ఈ అకౌంట్ మెయిళ్లను కంప్యూటర్లో ఉంచు అన్న టిక్ ఉంటుంది. అది ఉంటే వెనకాల మీ జీమెయిల్ మొత్తం దిగుతూ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు రోజుకొచ్చే డేటా పొద్దున్నే అయిపోతుంది. ఆ టిక్ తీసేయండి. కావాల్సినవి మనమే ఏరి దింపుకుంటాం.

తెలుగు సరిగ్గా కనిపించడానికి

ఎడిట్, ప్రిఫరెన్సెస్, అప్పియరెన్స్, ఫాంట్స్ వరుసలో వెళ్లి, ఏ భాషకి అన్న చోట తెలుగు ఎంచుకోండి. విండోస్ 8, ఆ తర్వాతి వాటిలో నిర్మలా యూఐ ఉంటుంది. విండోస్ 7లో గౌతమి, వాణి ఉంటాయి. చదవడానికి వాణి నయం, గౌతమి చిన్న సైజులో కళ్లకు ఇబ్బంది. లినక్స్‌లో లోహిత్ తెలుగు, నోటో ఫాంట్లు దొరుకుతాయి. సైజు రెండు పాయింట్లు పెంచండి. తెలుగు ఒత్తులు ఇంగ్లిష్ సైజులో నలిగిపోతాయి.

ప్రిఫరెన్సెస్‌లోనే మెయిల్ కింద ఎన్‌కోడింగ్ పెట్టుకునే పేజీ ఉంటుంది. పంపే మెయిళ్లకు యూనికోడ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి, లేకపోతే మార్చండి. పాత మెయిల్ ఏదైనా తెరిచినప్పుడు తెలుగు బదులు యూరప్ భాషల అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే మెయిల్ పాడైపోయిందనుకోకండి. వ్యూ మెనూలో ఎన్‌కోడింగ్ దగ్గర యూనికోడ్ ఎంచుకోండి, ఎక్కువసార్లు అక్షరాలు సర్దుకుంటాయి. అప్పట్లో యూనికోడ్ కాని ఫాంట్లతో టైపు చేసి పంపినవి మాత్రం ఇలా బాగుపడవు.

పాత మెయిళ్లను కంప్యూటర్లోకి తెచ్చుకోవడం

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడకూడదు.

జీమెయిల్‌లో నిజానికి ఫోల్డర్లు లేవు, లేబుళ్లు ఉంటాయి. ఒకే మెయిల్‌కి ఇన్‌బాక్స్, ముఖ్యమైనవి, స్టార్ అన్నీ తగిలించి ఉండొచ్చు. ఐమ్యాప్‌లో చూస్తే ఆ ఒక్క మెయిలే మూడు నాలుగు ఫోల్డర్లలో కనిపిస్తుంది. అన్నిటినీ దింపుకుంటే ఒకే పెళ్లి శుభలేఖ నాలుగుసార్లు దిగుతుంది. అందుకే పాతవి తేవడానికి ఆల్ మెయిల్ అన్న ఒక్క ఫోల్డర్ నుంచే పని చేయండి. స్పామ్, బిన్‌లలోవి తప్ప మీకు వచ్చినవి, మీరు పంపినవి అన్నీ అందులో ఒక్కోసారే ఉంటాయి. ఎడమవైపు జీమెయిల్ అన్న పేరు పక్కన గుర్తు నొక్కితే లోపల కనిపిస్తుంది. కనిపించకపోతే ఫైల్ మెనూలో సబ్‌స్క్రైబ్ తెరిచి టిక్ పెట్టండి. అక్కడా లేకపోతే, బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి లేబుల్స్ పేజీలో ఆల్ మెయిల్, బిన్ రెండిటికీ ఐమ్యాప్‌లో చూపించు అన్నది ఆన్ చేయండి.

మొదటిసారి ఆల్ మెయిల్ తెరిస్తే మెయిళ్ల పేర్ల జాబితా రావడానికి చాలాసేపు పడుతుంది. రానివ్వండి.

ఎడమవైపు లోకల్ ఫోల్డర్స్ అని ఒకటి ఉంటుంది. అది పూర్తిగా మీ కంప్యూటర్లోది, గూగుల్‌తో సంబంధం లేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి ఏడాదికొక ఫోల్డర్ పెట్టండి: 2012, 2013 అలా. అన్నీ ఒకే ఫోల్డర్లో పోయకండి. సీమంకీలో ఒక్కో ఫోల్డర్ డిస్క్ మీద ఒక్కటే పెద్ద ఫైల్‌గా ఉంటుంది. పెద్దదైన కొద్దీ నెమ్మదిస్తుంది, పాడైతే అన్నీ ఒకేసారి పోతాయి.

ఆల్ మెయిల్‌ని తేదీ వరుసలో పెట్టి, ఒక ఏడాదిలో మొదటి మెయిల్ నొక్కి, కొన్ని వందల మెయిళ్లు కిందికి జరిగి, షిఫ్ట్ పట్టుకుని ఇంకోటి నొక్కండి. ఎంపికైనవాటి మీద రైట్ క్లిక్ చేసి కాపీ టు, లోకల్ ఫోల్డర్స్, ఆ ఏడాది.

కాపీయే చేయండి, మూవ్ చేయకండి. మూవ్ చేస్తే కంప్యూటర్లోకి వచ్చి అక్కడ పోతుందనిపిస్తుంది కదా. కానీ ఐమ్యాప్ ద్వారా మెయిల్ తీసేస్తే, మీరు సెట్టింగ్స్‌లో మార్చి ఉండకపోతే, జీమెయిల్ దాన్ని చెరిపేయదు, ఆర్కైవ్ చేస్తుంది. అంటే మెయిల్ ఇంకా ఆల్ మెయిల్‌లోనే ఉంటుంది, స్టోరేజ్ అంగుళం కూడా తగ్గదు. మధ్యలో నెట్ పోతే ఏది వచ్చిందో ఏది రాలేదో తేల్చుకోవడం ఇంకో తలనొప్పి.

ఒకేరోజు అంతా లాగేయాలని చూడకండి. ఐమ్యాప్ ద్వారా రోజుకు ఎంత దింపుకోవచ్చో గూగుల్ హద్దు పెట్టింది. వర్క్‌స్పేస్ అకౌంట్లకు, అంటే ఆఫీసులు, కాలేజీలు ఇచ్చే గూగుల్ అకౌంట్లకు, అది 2,500 ఎంబీ. దాటితే అకౌంట్ కొంతసేపు లాక్ అవుతుంది. రోజుకు ఒక ఏడాది చొప్పున చేసుకుంటూ పోతే ఆ గొడవ రాదు. అంత ఓపిక లేకపోతే ఇంకో పద్ధతి: జాబితా శీర్షికల వరుసలో కుడి చివర ఉన్న చిన్న గుర్తు నొక్కి సైజ్ అన్న గడి తెప్పించుకుని దాని ప్రకారం అమర్చండి. బరువైనవన్నీ పైకి వస్తాయి. ఎవరో పంపిన వీడియోలు, స్కాన్ చేసిన ఇంటి దస్తావేజులు, ఫంక్షన్ ఫొటోల జిప్ ఫైళ్లు. పై వరుసలోవి మాత్రమే కాపీ చేసుకుని, తర్వాత తీసేసినా చాలా చోటు దొరుకుతుంది.

కాపీ అయ్యాక వైఫై ఆపేయండి. నెట్ లేకుండా లోకల్ ఫోల్డర్స్‌లో ఆ ఏడాది తెరిచి మొదటి మెయిల్, చివరి మెయిల్, మధ్యలో అటాచ్‌మెంట్ ఉన్నవి కొన్ని తెరిచి చూడండి. పీడీఎఫ్ నిజంగా తెరుచుకుంటోందా, ఫొటో కనిపిస్తోందా అన్నది చూడాలి, పేరు కనిపిస్తే చాలదు. ఎల్ఐసీ రసీదులు, ఫారం 16లు, సర్టిఫికెట్లు ఉన్నవి తప్పకుండా చూడండి.

బ్యాకప్ తీశాకే గూగుల్ దగ్గర తీసేయడం. ఇంకా తీసేయకండి.

బ్యాకప్, ఆ తర్వాత ఖాళీ చేయడం

సీమంకీని పూర్తిగా మూసేయండి. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో శాతం గుర్తు, ఇంగ్లిష్‌లో యాప్‌డేటా, మళ్లీ శాతం గుర్తు (%appdata%) కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్లో మోజిల్లా, దానిలో సీమంకీ, దానిలో ప్రొఫైల్స్. లోపల తలాతోకా లేని అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, అదే మీ ప్రొఫైల్ ఫోల్డర్. మీ మెయిళ్లు, అడ్రస్ బుక్, బుక్‌మార్కులు, సెట్టింగ్స్ అన్నీ అందులోనే. దాన్ని మొత్తంగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఒక్క పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు, రెండు చోట్ల ఉండాలి. లినక్స్‌లో అయితే హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మోజిల్లా అన్న దాచిన ఫోల్డర్లో సీమంకీ ఉంటుంది.

ఆ ఫోల్డర్లో మీ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ ఉంటాయని గుర్తుంచుకోండి. ప్రిఫరెన్సెస్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ డిస్క్ ఎవరి చేతిలో పడితే వాళ్లు వాటిని చదివేయగలరు. మాస్టర్ పాస్‌వర్డ్ మెయిళ్లను మాత్రం దాచదు, అవి మామూలు ఫైళ్లే. కాబట్టి డిస్క్‌ని బీరువాలో పెట్టడం అంత పాత ఉపాయమేమీ కాదు.

బ్యాకప్ అయ్యాక సీమంకీ తెరిచి, అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ చూడండి. మెయిల్ తీసేసినప్పుడు ఏ ఫోల్డర్‌కి పంపాలి అన్న చోట జీమెయిల్ కింద ఉన్న బిన్ ఎంచుకోండి. మీ జీమెయిల్ భాషను బట్టి దాన్నే ట్రాష్ అని చూపించొచ్చు. ఇప్పుడు ఆల్ మెయిల్‌లో, మీరు కాపీ చేసి చూసుకున్న ఏడాదిని ఎంచుకుని డిలీట్ నొక్కండి. బిన్‌లోకి చేరిన మెయిల్ ఏ లేబుల్ కిందా ఇక ఉండదు, 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. కానీ అప్పటిదాకా అదీ 15 జీబీ లెక్కలోకే వస్తుంది. కొత్త మెయిళ్లు ఆగిపోయి ఇబ్బందిగా ఉంటే జీమెయిల్ వెబ్ పేజీకి వెళ్లి బిన్ ఖాళీ చేయండి. తొందర లేకపోతే నెలరోజులు అలా ఉండనివ్వండి, ఏదైనా మర్చిపోయి ఉంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

రోజువారీ వాడకంలో పనికొచ్చేవి

టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, ఫ్రమ్ దగ్గర ఐఆర్‌సీటీసీ అని ఉంటే టికెట్లు అన్న ఫోల్డర్‌కి, మీ బ్యాంకు పేరుంటే బ్యాంకు అన్న ఫోల్డర్‌కి పంపమని చెప్పండి. గమ్యం లోకల్ ఫోల్డర్‌గా పెట్టకండి. పెడితే ఫోన్‌లో ఆ ఫోల్డర్ కనిపించదు, స్టేషన్లో టికెట్ కోసం తడుముకోవాలి.

జంక్ గుర్తింపు మనం నేర్పితే నేర్చుకుంటుంది. కొన్నాళ్లు ఓపిగ్గా జంక్ వాటిని జంక్ అని, కానివాటిని కాదని నొక్కుతూ ఉంటే ఆ తర్వాత అదే పట్టేస్తుంది. మెయిళ్లలోని బయటి బొమ్మలను ఇది మొదట్లోనే ఆపి ఉంచుతుంది, అలాగే ఉండనివ్వండి. మీరు మెయిల్ తెరిచారని పంపినవాళ్లకు తెలిసేది ఆ బొమ్మల ద్వారానే. "మీ కేవైసీ ఆగిపోయింది" లాంటి మెయిల్ వస్తే వ్యూ మెనూలో మెసేజ్ బాడీ యాజ్, ప్లెయిన్ టెక్స్ట్ పెట్టి చూడండి. రంగులు, లోగోలు ఊడిపోయి లోపలి సరుకు బయటపడుతుంది. లింక్ మీద మౌస్ పెడితే అది నిజంగా ఎక్కడికి వెళ్తుందో విండో అడుగున కనిపిస్తుంది.

మెయిల్‌లో లింక్ నొక్కితే సీమంకీ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. వార్తకో బ్లాగుకో అయితే హాయి. డబ్బుకు సంబంధించిందైతే లింక్‌నే వాడకుండా, తాజా బ్రౌజర్‌లో ఆ సైట్ అడ్రస్ మీరే కొట్టి వెళ్లండి. ఏదైనా సైట్ మీ బ్రౌజర్ పాతదని మొరాయిస్తే ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ కింద హెచ్‌టీటీపీ నెట్‌వర్కింగ్ పేజీలో ఫైర్‌ఫాక్స్ పేరు కూడా చెప్పమనే టిక్ ఉందేమో చూడండి. పేరు చూసి ఆపే సైట్లు దాంతో దారికొస్తాయి, ఇంజిన్‌కే చేతకానివి రావు. ఇప్పటి ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు ఇందులో పనిచేయవు. ప్రకటనలు ఆపడానికి యూబ్లాక్ ఆరిజిన్ పాత తరం వెర్షన్ దొరుకుతుంది.

నాకు సీమంకీలో అన్నిటికన్నా నచ్చేది ఫీడ్లు. కొత్త అకౌంట్ కలిపేటప్పుడు ఈమెయిల్ బదులు బ్లాగ్స్, న్యూస్ ఫీడ్స్ అన్నది ఎంచుకోండి. తర్వాత మీరు చదివే బ్లాగు ఫీడ్ అడ్రస్ ఇస్తే కొత్త టపా పడ్డప్పుడల్లా మెయిల్‌లా వచ్చి పడుతుంది. బ్లాగర్‌లో ఉన్న తెలుగు బ్లాగులైతే, బ్లాగు అడ్రస్ చివర ఏటవాలు గీత, ఫీడ్స్, ఏటవాలు గీత, పోస్ట్స్, ఏటవాలు గీత, డిఫాల్ట్ అని ఇంగ్లిష్‌లో (/feeds/posts/default) తగిలిస్తే అదే దాని ఫీడ్. ఏడాదికి ఒకటి రెండు టపాలు రాసేవాళ్లను కూడా ఇలా అయితే వదులుకోనక్కర్లేదు.

వెబ్ పేజీలు తయారుచేసే కంపోజర్, చాట్ చేసుకునే చాట్‌జిల్లా కూడా ఉన్నాయి. ఇవాళ వాటితో పని పడేవాళ్లు తక్కువ. చాట్‌జిల్లా అక్కర్లేదనుకుంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని వదిలేయొచ్చు.

ఏదైనా తేడా వస్తే

సీమంకీ ఇప్పటికే నడుస్తోందని చెప్పి తెరుచుకోకపోతే, టాస్క్ మేనేజర్‌లో పాతది ఇంకా ఉంటుంది. దాన్ని ఆపేసి మళ్లీ తెరవండి. ఒక ఫోల్డర్ ఖాళీగానో, మెయిళ్లు తారుమారుగానో కనిపిస్తే సీమంకీ మూసి, ప్రొఫైల్ ఫోల్డర్లో మెయిల్, దానిలో లోకల్ ఫోల్డర్స్ తెరవండి. ప్రతి ఫోల్డర్ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. ఒకటి చివర చుక్క ఎమ్ఎస్ఎఫ్ ఉన్నది, రెండోది చివర ఏమీ లేనిది. ఎమ్ఎస్ఎఫ్ ఉన్నది విషయసూచిక మాత్రమే, దాన్ని తీసేస్తే సీమంకీ మళ్లీ తనే రాసుకుంటుంది. చివర ఏమీ లేని ఫైల్ జోలికి పోకండి, మెయిళ్లు ఉండేది అందులోనే.

లోకల్ ఫోల్డర్లలో మెయిళ్లు తీసేసినా డిస్క్‌లో చోటు ఖాళీ కాలేదంటే ఫైల్ మెనూలో కాంపాక్ట్ ఫోల్డర్స్ నొక్కండి. అది నొక్కేదాకా తీసేసిన మెయిల్ కూడా ఫైల్లోనే దాగి ఉంటుంది.

రేపు వలంటీర్లు ఆపేస్తే నా మెయిళ్ల గతేంటి అని అడుగుతారు, అడగాల్సిందే. చివర ఏమీ లేని ఆ ఫైళ్లు ఎమ్‌బాక్స్ అనే పాత, అందరికీ తెలిసిన పద్ధతిలో ఉంటాయి. థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి తెరిచి మూసి, దాని ప్రొఫైల్లోని మెయిల్, లోకల్ ఫోల్డర్స్ లోపలికి ఆ ఫైళ్లను కాపీ చేయండి. మళ్లీ తెరిస్తే 2012 నుంచి మీ ఏళ్లన్నీ ఎడమవైపు వరుసలో కనిపిస్తాయి.